తీగ ఉన్నట్టు చెప్పలేదు

మా దిక్కు చావు కబురు ఎవరూ సూటిగా చెప్పరు. ఎవరన్నా పోతే ఆ ఇంటి మనిషి ఫోన్ చేసి ముందు వానల సంగతి అడుగుతాడు, తిన్నారా అంటాడు, ఆ తర్వాత బాపుకు జర పాణం బాగలేదు, ఒకసారి వచ్చిపోండి అంటాడు. వినేవాళ్ళకు ఆ 'జర' అన్న మాటలోనే అంతా తెలిసిపోతుంది. అయినా బస్సు దిగి వాకిట్లోకి వచ్చేదాకా వీళ్ళు అడగరు, వాళ్ళు చెప్పరు. మనిషి దారిలోనే కుప్పకూలకుండా చూసుకునే పద్ధతి అది. నేను కూడా ఎన్నో ఇళ్ళకు అట్లాగే కబురు పంపాను.

చావు ఒక్కటే కాదు, మా మాటలన్నీ అట్లాగే ఉంటాయి. చుట్టు తిరిగి వస్తాయి. నేను చదివింది ఐదో తరగతి. కానీ మా వాడకట్టులో ముచ్చట చెప్పాలంటే నా దగ్గరికే వస్తారు. ఒక పెళ్ళి గురించి చెప్పాలంటే ఆ పిల్ల అమ్మమ్మ నుంచి మొదలుపెడతాను. నడుమ ఎద్దు వస్తుంది, ఎద్దును కొన్న అంగడి వస్తుంది, అంగట్లో మరాఠీలో బేరమాడిన ముసలాయన వస్తాడు. వినేవాళ్ళు ఇంటికి పోదామని లేచి మళ్ళీ కూర్చుంటారు. అట్లా చెప్పడం తప్ప నాకు ఇంకో రకంగా రాదు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నా చెల్లెలి సంగతి, దాన్ని ఎటూ పోనివ్వకుండా చెప్పాలని చూస్తాను.

మా అక్కాచెల్లెళ్ళిద్దరం ఒకే ఊరికి కోడళ్ళుగా వచ్చాం. బోధన్ నుంచి కోటగిరి పోయే దిక్కున, కాలువ కింది ఊరు. నా చెల్లెలి భర్త, అంటే నా మరిది, కొంత వరి, కొంత చెరకు వేసేవాడు. అతని పొలానికి ఆనుకొని అతని పాలివాడిది, అంటే చిన్నాయన కొడుకుది, చెరకు తోట ఉంది. వయసులో నా మరిది కన్నా చిన్నవాడు. నా చెల్లెల్ని వదినె అంటాడు, నన్ను పెద్దొదినె అంటాడు. రెండు పొలాల నడుమ ఒక్కటే గట్టు. కాలువ తూము దగ్గరికి పోవాలంటే ఆ గట్టు మీదే పోవాలి.

చెరకు గడ పెరిగి కణుపుల్లో తీపి దిగిందంటే మా దిక్కు అడవి పందులు వస్తాయి. మందలు మందలుగా వచ్చి ఒక్క తెల్లారేసరికి తోటను తొక్కి నమిలి పారేస్తాయి. అందుకని రైతులు తోట చుట్టూ మోకాలెత్తున ఇనుప తీగ కడతారు, దానికి కరెంటు తగిలిస్తారు. అది చేయకూడని పని. చేయకూడదని అందరికీ తెలుసు, చేస్తారని కూడా అందరికీ తెలుసు. కానీ దానికి మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. తీగ పెట్టే మనిషి ఆ సాయంత్రం బస్సులు ఆగే దగ్గరి చాయ హోటలుకు పోయి, ఇయ్యాల మా తోటకు తీగ ఉన్నదని నలుగురు వినేటట్టు చెప్పాలి. గట్టు మొదట కట్టె పాతి దానికి తెల్ల గుడ్డ కట్టాలి. పొద్దున లేస్తూనే కరెంటు తీసెయ్యాలి. చెప్పకుండా తీగ పెట్టడం అంటే మా దగ్గర బావి మీద ఆకులు కప్పడంతో సమానం.

ఆ రోజు కాలువ నీళ్ళ వంతు నా మరిదిది. తెల్లవారుజామున వంతు మొదలవుతుందని పార పట్టుకొని పోయాడు. గట్టు మొదట గుడ్డ లేదు. ముందురోజు హోటల్లో ఎవరూ ఏమీ అనలేదు.

పొద్దు పొడవక ముందే నా వాకిలి ముందు ఎవరో నిలబడ్డట్టు అనిపించి చూశాను. ఆ పక్క తోట మనిషి. కాళ్ళకు బురద. బాల్కొండలో చుట్టాలింటికి పోయి ముందురోజు పొద్దు గూకినాక వచ్చాడట, హోటలు మూసేశారట.

"పెద్దొదినె, తీగ పెట్టిన. ఎవ్వలకు చెప్పలే. అన్న పడిపోయిండు. లేస్తలేడు."

నా బతుకులో నాకు చావు కబురు సూటిగా చెప్పిన మనిషి అతనొక్కడే. భయం వల్ల చెప్పాడు. ఆ మాటలు అతని నోటి నుంచి వచ్చినవి వచ్చినట్టే నాలో ఉండిపోయాయి. తర్వాత అతను వాటిని మార్చుకున్నాడు, నేను మార్చుకోలేకపోయాను.

నేను చెల్లె దగ్గరికి పోయి ఏం చెప్పానో అడగకండి. మరిదికి జర బాగలేదట, పోదాం పా అన్నాను.

పోలీసులకు కాలువ నీళ్ళు వదిలే లస్కరు ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చేసరికి వాకిలి నిండా మనుషులు. ఇంటావిడ తరఫున ఒక కాగితం రాసి ఇవ్వాలి అన్నారు. చెల్లె అప్పుడు గోడకు వీపు ఆనించి కూర్చొని ఉంది, ఏం చెప్పినా తల ఊపుతోంది. రాయడానికి నా మరిది మేనమామ ముందుకు వచ్చాడు. పెద్దమనిషి. పెళ్ళి పత్రికలకు, భజన పాటలకు, ఊరి తరఫున ఇచ్చే అర్జీలకు అతని రాతే. అక్షరాలు ముత్యాల్లాగా ఉంటాయి. అతను అరుగు మీద కూర్చొని మెల్లగా రాశాడు, రాశాక నలుగురికీ చదివి వినిపించాడు.

ఆ కాగితం నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. అయ్యా నమస్కారాలతో మొదలైంది. మాది కష్టపడి బతికే కుటుంబం అని ఉంది. పందుల బెడద ఏటేటా పెరుగుతోంది, ఎన్ని అర్జీలు పెట్టినా పట్టించుకున్నవాళ్ళు లేరు అని ఉంది. చెరకు మిల్లు మూతబడిన నాటి నుంచి రైతు దూరం మిల్లులకు చెరకు తోలలేక సతమతమవుతున్నాడు అని ఉంది. చచ్చిపోయిన మనిషి ఎంత కష్టజీవి, అప్పుడప్పుడు పుచ్చుకున్నా ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు అని ఉంది. పొలాల దగ్గర మోటార్ల స్టార్టర్ డబ్బాలకు మూతలు లేవు, కరెంటు వాళ్ళు చూడరు అని ఉంది. మా పాలివాడు కూడా ఎంతో మంచివాడు, పందుల బాధ తాళలేక తీగ పెట్టుకొనగా దైవం రాసిన రాత వల్ల ఇట్లా జరిగింది అని ఉంది. చివరికి, కావున ఏలినవారు మా ఊరి రైతులను పందుల నుంచి కాపాడగలరు.

చదువుతుంటే ఆడవాళ్ళు ఏడ్చారు. మగవాళ్ళు మంచిగ రాసిన్రు అన్నారు. అందులో ఒక్క అబద్ధం లేదు. చెల్లె సంతకం పెట్టింది. తోట మనిషి మూలకు నిలబడి అంతా విన్నాడు, అతని ముఖంలోకి మెల్లగా రక్తం తిరిగి రావడం నేను చూశాను.

నెలమాసికం అయిన తర్వాత ఒక పగటిపూట చెల్లె వాకిట్లో జీపు ఆగింది. అడవి శాఖ వాళ్ళు. పందుల వల్ల పంట నష్టం అని మీరు ఇచ్చిన కాగితం పోలీసులు మాకు పంపారు, ఎంత మేర తొక్కాయి, అడుగులు ఎక్కడున్నాయి చూపించండి అన్నారు. వాళ్ళు మర్యాదస్తులే. టేపు తెచ్చుకున్నారు. చెల్లె వాళ్ళను గట్టు దాకా తీసుకుపోయింది. ఒకాయన వంగి పంది అడుగులు వెతుకుతుంటే ఆమె తన మనిషి పడ్డ జాగలో నిలబడి చూసింది. తీగ అప్పటికే లేదు. గుంజలు లేవు. తోట మనిషి అన్నీ పీకి ఎక్కడో వేశాడు.

వాళ్ళు పోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. పందుల కోసం వచ్చిన్రక్కా అంది, అంతే.

అప్పటికే ఊళ్ళో ముచ్చట ఇంకో దారి పట్టింది. తాగి పోయాడట, మూత లేని తన స్టార్టర్ డబ్బా మీద పడ్డాడట, తమ్ముడు పాపం మంచితనానికి తీగ మాట ఒప్పుకున్నాడట. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మేనమామ రాసిన కాగితంలోని ముక్కలే అవి, ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు ఏరుకున్నారు. తోట మనిషి కూడా, నేను ఆనాడు హోటల్లో చెప్పిన్నే అనడం మొదలుపెట్టాడు. హోటలాయన్ని అడిగితే యాదికి లేదన్నాడు.

ఒకరోజు చెల్లె పెద్ద పిల్లవాడు బడి నుంచి వచ్చి, నాన్న తాగి సచ్చిండా అని అడిగాడు. చిన్నది అప్పటికి మాటలు నేర్చుకుంటోంది, అది కూడా వెనక నుంచి తాగి, తాగి అంది.

ఆ మరునాడే ఇద్దరం స్టేషనుకు పోయాం. ఎస్సై చిన్న వయసువాడు. కాగితం వెతికించి మా ముందే మొదటి నుంచి చివరి దాకా చదివాడు. చదివి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఇది చదివితె నాకు పందుల మీద కోపమొస్తున్నది. మనిషి మీద వస్తలేదు. అసలు నీ ఫిర్యాదు ఏంది?"

చెల్లె చెప్పడం మొదలుపెట్టింది. ఎట్లా చెబుతుంది, నా చెల్లెలే కదా. తన పెళ్ళి నుంచి మొదలుపెట్టింది. మరిదికి ఆ పొలం పాలు పంచుకున్నప్పుడు ఎట్లా వచ్చింది, గట్టు ఎవరు వేశారు, వంతు ఎట్లా తిరుగుతుంది. ఎస్సై కాసేపు విన్నాడు. బయట ఇంకా మనుషులు నిలబడి ఉన్నారు. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు, కోపంతో కాదు. ఒక్క పేరా రాసుకొని రండి అన్నాడు. అందులో ఒకటే ముచ్చట ఉండాలి, ప్రతి మాట ఆ ముచ్చట దగ్గరికే రావాలి, రానిది ఎంత నిజమైనా రాయకండి అన్నాడు. ఈ కాగితంలో ఎన్ని మాటలున్నాయో మనిషి తప్పించుకోవడానికి అన్ని సందులు ఉన్నాయి అన్నాడు.

ఆటోలో వస్తూ చెల్లెను అడిగాను, నీకేం కావాలని.

"నా పిల్లలు ఆ మాట వినొద్దక్కా. వాళ్ళ నాయిన ఎందుకు సచ్చిండో కాయితం మీద ఉండాలె. గంతే."

రాయడానికి ఆమె ఇంట్లోనే కూర్చున్నాం. పగలు, పిల్లవాడు బడిలో, చిన్నది ఉయ్యాలలో. చెల్లె ఏడు దాకా చదివింది, రాత ఆమెది. చెప్పడం ఇద్దరిదీ. రాసే ముందే పందుల మాట వద్దనుకున్నాం. మూతబడిన మిల్లు, మూతలేని డబ్బాలు కూడా వద్దనుకున్నాం. అంతదాకా తేలికే. అవి మేనమామ మాటలు, మావి కావు.

తర్వాత మా మాటలు వచ్చాయి.

ఆ రోజు మరిది పొద్దున లేచి చిన్నదాని గ్లాసులో చాయ పోసుకొని తాగాడు, పెద్ద గ్లాసు కడగలేదని. అది రాసింది. నేను వద్దన్నాను. గట్టు బురదగా ఉందని చెప్పులు మొదట్లోనే విడిచి పోయాడు, అవి రెండూ పక్కపక్కన పెట్టినట్టే దొరికాయి. అది రాసింది. వద్దన్నాను. చెప్పుల్లేకుండా ఎందుకు పోయాడు అంటారు, తప్పు అతని కాళ్ళ మీదికి వస్తుంది అన్నాను. పోతూ పోతూ వాకిలి గొళ్ళెం చప్పుడు కాకుండా వేశాడు, పిల్లలు లేస్తారని. దానికి ఏం కారణం చెప్పాలో నాకు తెలియలేదు. ఆ ముచ్చటకు రాదు కదా అన్నాను.

ఆమె కొట్టేసింది. ఒక్కొక్కటి కొట్టేస్తున్నప్పుడు పెన్ను కాగితానికి గట్టిగా ఒత్తుతోంది.

తాగుడు సంగతి దగ్గర ఇద్దరికీ మాట పడింది. రెండు రోజుల ముందు ఒక పెళ్ళిలో తాగాడు, అది ఊరంతా చూసింది, దాచితే అబద్ధం అవుతుంది కదా అంటుంది ఆమె. ఆ పొద్దున తాగాడా అన్నాను. లేదు. అయితే అది ఇంకో కాగితం. నిజమైనదల్లా తెచ్చి ఒకే కుప్ప పోస్తే పసుపు కల్లంలో కొమ్ములు, దుంపలు, మట్టి బెడ్డలు కలిపి పోసినట్టే, నిజామాబాద్ మార్కెట్లో ఆ కుప్పను ఎవరూ ముట్టరు అన్నాను. చెరకు నరికేవాళ్ళు కూడా ఆకు దులిపి, కొన కోసి, గడ ఒక్కటే మోపు కడతారు కదా అన్నాను. నాకు తెలిసిన రీతిలో నేను నచ్చజెప్పాలని చూశాను.

"ఆయన ఆకా అక్కా?" అంది.

నేను ఇంకేం పోలికలు చెప్పలేదు.

అన్నిటికన్నా కష్టమైంది ట్రాక్టరు. చిన్నది పుట్టేటప్పుడు నొప్పులు మొదలైతే, వానలో అంబులెన్సు రాలేకపోతే, ఆ తోట మనిషే ట్రాక్టరులో గడ్డి పరచి ఆమెను బోధన్ ఆస్పత్రికి తీసుకుపోయాడు. దారి పొడుగునా వెనక్కి తిరిగి, వదినె, పాణం గట్టిగ పట్టు అంటూనే ఉన్నాడు. చెల్లె ఆ మాట రాయకుంటే తనకు అన్నం దిగదు అంది. అతను చేసింది తప్పే, కానీ ఈ కాగితం చదివినవాళ్ళు అతన్ని పాపాత్ముడు అనుకుంటారు కదా అంది. ఆనాడు ట్రాక్టరులో ఆమె తల నా ఒడిలోనే ఉంది. ఆ ఒక్క మాట పెడితే చదివే మనిషి మనసు ఎటు వంగుతుందో నాకు తెలుసు, ముచ్చట చెప్పేదాన్ని కదా. ఎక్కడ ఏ మాట వేస్తే వినేవాళ్ళు ఎవరి పక్షం చేరతారో నాకు తెలుసు.

తీసెయ్ అన్నాను.

తీసేసింది. తర్వాత మంచి కాగితం మీద దించి రాసింది. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ పెట్టను. మిగతాది ఇట్లా ఉంది:

"మా పొలానికి కాలువ నీళ్ళ వంతు ఉన్నందున నా భర్త తెల్లవారుజామున ఇంటి నుండి బయలుదేరి, మేము ఎప్పుడూ నడిచే గట్టు మీద పోతూ, పక్క చెరకు తోట చుట్టూ కట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ఆ తీగ కట్టింది మా పాలివాడు. తీగ పెట్టిన సాయంత్రం హోటలు దగ్గర అందరికీ చెప్పడం, గట్టు మొదట తెల్ల గుడ్డ కట్టడం మా ఊరి పద్ధతి. ఆ రోజు అతను ఎవరికీ చెప్పలేదు. గుడ్డ కట్టలేదు. చెప్పలేదని ఆ ఉదయమే మా అక్క ఇంటికి వచ్చి తన నోటితో అన్నాడు. చెప్పి ఉంటే నా భర్త కరెంటు తీసేదాకా ఆగి ఉండేవాడు. తీగ ఉన్నట్టు చెప్పకపోవడం వల్లనే నా భర్త చనిపోయాడు."

రాసి ఒకసారి పైకి చదివింది. మళ్ళీ మనసులో చదువుకుంది. కాగితం తిప్పి వెనక చూసింది, అక్కడ ఏమన్నా ఉందేమో అన్నట్టు.

"గిండ్ల ఆయన ఏడున్నడక్కా?"

మొదట్లోనే ఉన్నాడు కదా, నా భర్త అని రాసినవు కదా అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఉయ్యాలలో చిన్నది లేచి ఏడ్చింది, ఆమె కాగితం మడిచి చీర కొంగులో పెట్టుకొని లేచింది.

స్టేషనులో ఎస్సై ఒక్కసారే చదివాడు. నన్ను ఒకే ప్రశ్న అడిగాడు, అతను అన్న మాట అన్నట్టే చెప్పమన్నాడు. చెప్పాను. కేసు రాశారు. ఆ సాయంత్రమే తోట మనిషిని తీసుకుపోయారు.

మరునాడు పొద్దున అతని తల్లి వచ్చింది. చెల్లెకు చిన్నత్త అవుతుంది. నడుము వంగిపోయిన ముసలమ్మ, కొడుకు ఒక్కడే. గడపలోకి రాలేదు, వాకిట్లోనే కూర్చుంది. చెల్లె నీళ్ళిచ్చింది, తాగింది. ఆమె వెనక పెద్దమనుషులు ఉన్నారని, ఏం అడగాలో వాళ్ళు నేర్పారని నాకు అర్థమైంది. కానీ మాటలు మాత్రం ఆమెవే.

"కోడలా, కేసు తియ్యమని నేనంటలే. ఒక్కటే మాట కలుపు. పోయినేడు తీగ పెట్టినప్పుడు నా కొడుకు హోటల్ల చెప్పిండా లేదా? నీ మొగుడు ఇన్నడా లేదా?"

"చెప్పిండత్తా. ఇన్నడు."

"అబద్ధం గాదు గదా. మరి గదే రాయి. గట్టు పొంటి తీగ ఉంటదని తెలుసని."

చెల్లె నా వైపు చూడలేదు. చూస్తే ఏమనేదాన్నో నాకూ తెలియదు. ఎదురుగా ఉన్నది ట్రాక్టరు మీద నన్ను చేయి పట్టి ఎక్కించిన మనిషి తల్లి.

"నిజమే అత్తా. గని గది పోయినేటి ముచ్చట. ఆయన సచ్చిన దినం ముచ్చట గాదు."

ముసలమ్మ చెంబు కింద పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని లేవడానికి చాలాసేపు పట్టింది, చెల్లె లేపబోతే వద్దంది.

"మరి నా కొడుకు మంచోడని ఏ కాయితంల రాయాలె?"

ముసలమ్మ జవాబు కోసం నిలబడలేదు. ఆనాటి నుంచి ఆ ఇంటి వాళ్ళు ఈ ఇంటికి రారు. పాలివాళ్ళంతా ఆ పక్షమే. నా మరిది సంవత్సరీకానికి అన్నం ముద్ద పెట్టడానికి పాలివాళ్ళలో ఒక్కరు రాలేదు, మా అమ్మ తరఫు వాళ్ళు వచ్చి నడిపించారు. మేనమామ వచ్చి పక్కకు కూర్చున్నాడు. తను రాసిన కాగితం గురించి ఒక్క మాట అనలేదు, మేమూ అనలేదు. ఆయన ప్రేమతోనే రాశాడు.

తోట మనిషి బెయిలు మీద వచ్చాడు. కేసు బోధన్ కోర్టులో నడుస్తోంది. ఒక వాయిదాకు చెల్లెను బోనులోకి పిలిచారు. అవతలి వకీలు నెమ్మదిగా, మర్యాదగా అడిగాడు. మీ భర్తకు తాగే అలవాటు ఉందా. ఉంది. ఆ రోజు చెప్పులు వేసుకున్నాడా. లేదు. మీ పొలంలో స్టార్టర్ డబ్బాకు మూత ఉందా. లేదు. అంతకు ముందు ఏడు తీగ సంగతి మీ భర్తకు తెలుసా. తెలుసు. మీ బిడ్డ పుట్టినప్పుడు మిమ్మల్ని ఆస్పత్రికి తీసుకుపోయింది ఎవరు. నేను వెనక బల్ల మీద కూర్చొని వింటున్నాను. ఆ పగటి పూట మేం కూర్చొని కొట్టేసిన మాటలన్నీ ఆయన ఒక్కొక్కటి మళ్ళీ లేపి తెచ్చాడు. చాయ గ్లాసు, గొళ్ళెం మాత్రం తేలేదు. వాటితో ఆయనకు పని లేదు.

బయటికి వచ్చాక మా తరఫు వకీలు, అన్నిటికీ అట్లా ఒప్పుకుంటే ఎట్లమ్మా అని విసుక్కున్నాడు.

"అన్నీ నిజమే గద సారు," అంది చెల్లె. "తీగ ఉన్నట్టు చెప్పకపోయింది గూడ నిజమే. గదొక్కటి ఎవ్వలడుగుతలేరు."

తీర్పు ఇంకా రాలేదు. వాయిదా మీద వాయిదా పడుతోంది. నేనిప్పుడు నిజామాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను, వాయిదా ఉన్నప్పుడల్లా బోధన్ బస్సెక్కి పోతాను. ఆ కాగితంలోని మాటలు చెల్లె ఎన్ని మార్లు చెప్పిందో. పోలీసులకు చెప్పింది, తహసీల్దారు ఆఫీసులో చెప్పింది, ఇద్దరు వకీళ్ళకు చెప్పింది, జడ్జి ముందు చెప్పింది. మాట పొల్లు పోకుండా, ముందువెనకలు కాకుండా చెబుతుంది. నా చెల్లె ఒకప్పుడు ఉప్పు కొనడానికి పోయి వచ్చిన సంగతి కూడా గంటసేపు చెప్పేది. ఇప్పుడు ఏది అడిగినా అంతే, ఒక మాట, రెండు మాటలు.

మొన్న వాయిదాకు పిల్లల్ని కూడా తెచ్చింది. కోర్టు వరండాలో మా పక్కన ఎవరో ముసలావిడ కూర్చుంది, మాకు తెలిసినావిడ కాదు. చిన్నదాన్ని దగ్గరికి తీసుకొని, నీ పేరేంది బిడ్డా, మీ నాయిన రాలేదా అని అడిగింది. పిల్లకు ఇప్పుడు ఆరేళ్ళు. చేతులు కట్టుకొని బడిలో పద్యం చెప్పినట్టు నిలబడింది.

"మా పొలానికి కాలువ నీళ్ళ వంతు ఉన్నందున మా నాన్న తెల్లవారుజామున ఇంటి నుండి బయలుదేరి, మేము ఎప్పుడూ నడిచే గట్టు మీద పోతూ..."

చివరి దాకా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. అందులో తాగుడు లేదు, స్టార్టర్ డబ్బా లేదు. చెల్లె కోరుకున్నది సరిగ్గా అదే. ముసలావిడ పిల్ల తల నిమిరింది. చెల్లె గోడ వైపు చూస్తూ కూర్చుంది.

నేను పిల్లను నా పక్కకు పిలిచాను. మీ నాన్నకు ఈల వేయడం వచ్చు తెలుసా, బర్రెలు ఎక్కడున్నా ఆ ఈల వింటే తలెత్తేవి అని మొదలుపెట్టాను. పిల్ల కాసేపు విన్నది.

"గిది కాయితంల లేదు గదా పెద్దమ్మా," అంది.

లోపల నుంచి మా కేసు పిలిచారు.